అద్దె రెక్కల మీద ఆసఫ్‌జాహీ రాజ్యం

1948 తొలకరి రోజుల నుంచి ఆ ఏడాది సెప్టెంబర్ వరకు, కరాచీలో బయలుదేరిన నాలుగింజన్ల పౌర విమానాలు భారత ప్రభుత్వ అనుమతి లేకుండా దేశ గగనతలాన్ని రాత్రివేళ దాటి వచ్చి, నిజాం ఏలుబడిలో ఉన్న బీదరు, వరంగల్లు విమానాశ్రయాల్లో తుపాకులు, మందుగుండు దించి వెళ్ళేవి. వాటిని నడిపినవారు హైదరాబాద్ సంస్థానపు ప్రజలు కారు, పాకిస్తాన్ సైనికులూ కారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కిరాయికి దొరికిన విదేశీ పైలట్లు. వారిని కూడగట్టి, విమానాలు సమకూర్చి, ఈ రాకపోకలను నడిపించినవాడు ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు. వైమానిక దళాల పరిభాషలో స్క్వాడ్రన్ అంటే ఒకే అధికారి కింద, ఒకే రకం పనికి నియమించిన కొన్ని విమానాలు, వాటి సిబ్బంది కలిసిన దళం. దానికొక సంఖ్య ఉంటుంది, చిహ్నం ఉంటుంది, అది చేసిన ప్రతి పనికీ ఒక రాజ్యం బాధ్యత వహిస్తుంది. కాటన్ దళానికి సంఖ్యా లేదు, చిహ్నమూ లేదు, బాధ్యత వహించే రాజ్యం అంతకన్నా లేదు. అయినా ఒక ప్రభుత్వం తన సైనిక అవసరం కోసం, తన పేరు బయటపడకుండా, పరాయి దేశపు వైమానికులతో నడిపించుకున్న రహస్య దళానికి తెలుగు నేల మీద ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మరొకటి కనిపించదు.

ఈ ఉదంతం తెలంగాణ చరిత్రకు మాత్రమే చెందినదని రాయలసీమ పాఠకుడు పక్కన పెట్టడానికి వీల్లేదు. నిజాం రాజ్యం 1948 నాటికి పరాయి పైలట్ల మీద ఎందుకు ఆధారపడవలసి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు వెతికితే, దాని మొదలు చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం గ్రామాల భూమి శిస్తులోనే దొరుకుతుంది. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. సంస్థానాధీశుడు తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని ఉంచుకుని, దాని ఖర్చు తాను భరించి, కంపెనీ అనుమతి లేకుండా ఇతర రాజ్యాలతో యుద్ధానికి గానీ సంధికి గానీ పోకుండా ఉండడం ఆ ఒప్పందపు సారాంశం. రెండేళ్ళ తరువాత 1800 అక్టోబర్ 12న జరిగిన మరో ఒప్పందంలో, ఆ సైన్యం ఖర్చును ఏటేటా నగదుగా చెల్లించే బదులు, 1792లోనూ 1799లోనూ టిప్పు సుల్తాన్ నుంచి తన వాటాగా వచ్చిన ప్రాంతాలను నిజాం కంపెనీకి శాశ్వతంగా వదిలివేశాడు. దత్తమండలాలు అని పేరుపడిన ఆ ప్రాంతమే 1928 తరువాత రాయలసీమ అయింది. అంటే నేటి శ్రీ సత్యసాయి జిల్లా గ్రామాలు ఒక రాజు తన రక్షణను ఇతరుల చేతికి అప్పగించి అందుకు చెల్లించిన మూల్యంలో భాగం. ఇక్కడి రైతును అడిగి చేసిన చెల్లింపు కాదది. తాము ఎవరి సైన్యానికి జీతమవుతున్నామో కూడా ఆ రైతులకు తెలిసి ఉండదు.

రక్షణను కొనుక్కునే ఈ అలవాటు ఆంగ్లేయులతోనే మొదలు కాలేదన్నది కూడా గమనించాలి. 1798కి ముందు హైదరాబాద్ సైన్యంలో అత్యంత శిక్షణ గల దళాలను నడిపినవాడు మిషెల్ రేమాండ్ అనే ఫ్రెంచి సేనాని. ఆయన కింద సుమారు 14,000 మంది సైనికులు, ఫ్రెంచి అధికారులు ఉండేవారు. నగరంలోని మూసారాంబాగ్ పేరు ఆయన నుంచే వచ్చింది. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నేటికీ ఉంది. రేమాండ్ మరణించిన ఏడాదిలోనే కంపెనీ ఒత్తిడితో ఆ దళాలను నిరాయుధం చేసి రద్దుచేశారు. ఒక పరాయి సేనాని స్థానంలోకి మరో పరాయి సైన్యం వచ్చింది. ఆ తరువాత నూటయాభై ఏళ్ళపాటు నిజాముల రాజ్యం ఉపఖండంలోని అతి సంపన్న సంస్థానంగా పేరు పొందినా, స్వతంత్రంగా యుద్ధం చేయగల సైన్యాన్ని గానీ, ఆయుధ కర్మాగారాలను గానీ, వైమానిక దళాన్ని గానీ నిర్మించుకోలేదు, నిర్మించుకోనివ్వలేదు కూడా.

ఇందులో విచారకరమైన వైరుధ్యం ఒకటుంది. వైమానిక యుద్ధంతో హైదరాబాద్‌కు పరిచయం లేకపోలేదు. పరిచయం ఉన్నదల్లా ఇతరుల యుద్ధాల్లో. మొదటి ప్రపంచయుద్ధపు చివరి ఏడాది 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో వచ్చాయి, ఆ దళం పేరులోనే హైదరాబాద్ అన్న మాట చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో 1940లో ఇంగ్లండు ఆకాశాన్ని కాపాడిన 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది, దాని నినాదం విశ్వాసపాత్రుడైన మిత్రుడు అనే అర్థం ఇచ్చేది. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదు అదే. పన్నులు కట్టినవారు తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల రైతులు, ఆ డబ్బుతో ఎగిరినవారు బ్రిటిష్ పైలట్లు, కాపాడినది లండన్‌ను. 1947లో బ్రిటన్ ఉపఖండాన్ని వదిలి వెళ్ళేటప్పుడు, ఆ విశ్వాసపాత్రుడైన మిత్రుడికి తిరిగి వచ్చిన సైనిక సహాయం ఏమీ లేదు.

1947 ఆగస్టు తరువాత ఉస్మాన్ అలీఖాన్ భారత యూనియన్‌లో చేరకుండా స్వతంత్రంగా ఉండాలనుకున్నాడు. నవంబర్ 29న రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. బ్రిటిష్ పాలన చివరి రోజున రక్షణ, విదేశాంగం, రవాణా వంటి విషయాల్లో ఏర్పాట్లు ఎలా ఉన్నాయో శాశ్వత పరిష్కారం దొరికేవరకు అలాగే కొనసాగించడం ఈ ఒప్పందం ఉద్దేశం. దాని తరువాత భారత సైన్యం సికింద్రాబాద్, బొల్లారం ప్రాంతాల నుంచి వైదొలగింది, కె.ఎం. మున్షీ భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా వచ్చాడు, పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ సంస్థానానికి ప్రధాని అయ్యాడు. ఒప్పందం మీద సిరా ఆరకముందే ఇరుపక్షాల ఆరోపణలు మొదలయ్యాయి. హైదరాబాద్ ప్రభుత్వం 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ బాండ్లను పాకిస్తాన్‌కు అప్పుగా ఇవ్వజూపిందని, కాసిం రజ్వీ నడిపే రజాకార్ల సాయుధ దళాన్ని అదుపుచేయడం లేదని ఢిల్లీ నిందించింది. తమకు రావలసిన ఆయుధాలు ఇవ్వడం లేదని, సరుకులు రాకుండా సరిహద్దుల్లో దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాద్ నిందించింది. సముద్ర తీరం లేని రాజ్యం, చుట్టూ నాలుగు దిక్కులా భారత భూభాగం, సుమారు 22,000 మంది సైన్యం, వారికి చాలీచాలని ఆయుధాలు. భూమి మీద దారులన్నీ మూసుకుపోయిన చోట మిగిలింది ఆకాశం ఒక్కటే.

అలాంటి సమయంలో రంగంలోకి వచ్చిన సిడ్నీ కాటన్ మామూలు దొంగ సరుకుల వ్యాపారి కాడు. 1894లో క్వీన్స్‌లాండ్‌లో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపు వైమానిక విభాగంలో పైలట్‌గా పనిచేసి, ఎత్తున ఎగిరేటప్పుడు చలి తట్టుకునేందుకు 1917లో సిడ్‌కాట్ అనే ప్రత్యేక దుస్తులను రూపొందించిన మనిషి ఆయన. చాలా దేశాల వైమానికులు ఆ తరువాతి దశాబ్దాల్లో ఆ దుస్తులనే వాడారు. 1939లో బ్రిటిష్ గూఢచారి శాఖ కోసం ఆయన చేసిన పని మరింత ప్రసిద్ధం. కలర్ ఫిల్ముల వ్యాపారిగా యూరప్ అంతా తిరుగుతూ, లాక్‌హీడ్ 12 అనే చిన్న పౌర విమానంలో కెమెరాలు దాచి, జర్మనీ సైనిక స్థావరాలను గాలిలో నుంచి ఫొటోలు తీశాడు. ఎత్తున మంచు పట్టి కెమెరా అద్దాలు మసకబారకుండా విమానంలోని వేడిగాలిని వాటి మీదుగా మళ్ళించడం, ఆకాశంలో కనిపించకుండా లేత రంగు పూయడం ఆయన ప్రయోగాలే. యుద్ధం మొదలయ్యాక హెస్టన్‌లో బ్రిటిష్ వైమానిక ఛాయాగ్రహణ విభాగానికి అధిపతి అయ్యాడు. పై అధికారులతో పొసగక 1940లో ఆ పదవి పోయింది. గూఢచర్యపు మెళకువలు, పౌర విమానాన్ని సైనిక పనికి వాడే నేర్పు, ప్రభుత్వ నిబంధనల పట్ల అసహనం, అధికారంలో ఉన్నవారితో పరిచయాలు, ఇవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. లాయక్ అలీ ప్రభుత్వానికీ సైన్యాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్‌కూ కావలసినది సరిగ్గా అలాంటి మనిషే. ఎల్ ఎద్రూస్ స్వయంగా యూరప్ వెళ్ళి ఆయుధాల కోసం ప్రయత్నించాడు. దొరికినవాటిని సంస్థానానికి చేర్చే బాధ్యత కాటన్ తీసుకున్నాడు.

ఆయన ఎంచుకున్న విమానం లాంకాస్ట్రియన్. జర్మనీ నగరాల మీద బాంబులు వేసిన లాంకాస్టర్ విమానాన్నే ఆయుధాలు తీసివేసి ప్రయాణికులకు, తపాలాకు, సరుకులకు అనువుగా మార్చినది ఇది. రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లు నాలుగు, ఆగకుండా ఆరువేల కిలోమీటర్లకు పైగా ఎగరగల శక్తి. ప్రయాణికుల విమానంగా దానికి భవిష్యత్తు లేదు, ఎందుకంటే అంత పెద్ద యంత్రంలో పదముగ్గురు మాత్రమే కూర్చోగలిగేవారు. అందువల్ల విమాన కంపెనీలు వాటిని వదిలించుకుంటున్న రోజులవి. కరాచీ నుంచి బీదరు, వరంగల్లు సుమారు 1,300 నుంచి 1,500 కిలోమీటర్ల దూరం. వెళ్ళి రావడానికి సరిపడే ఇంధనం కరాచీలోనే నింపుకోవచ్చు, కాబట్టి దిగిన చోట ఇంధనం వెతుక్కోనక్కరలేదు, ఎక్కువసేపు ఆగనక్కరలేదు. బాంబర్ పొట్టలో కొన్ని టన్నుల బరువు ఇముడుతుంది. రాత్రి చీకట్లో, ఎత్తున, భూమి మీద ఆనవాళ్ళు లేకుండా దారి వెతుక్కోవడం యుద్ధకాలంలో బాంబర్ సిబ్బంది నేర్చుకున్న విద్య. యుద్ధం అయిపోయి ఆ విద్యకు గిరాకీ లేని వేలాది మంది పైలట్లలో కొందరిని పనిలోకి తీసుకోవడం కాటన్‌కు కష్టం కాలేదు.

ఈ విమానాలను ఆపడం భారత వైమానిక దళానికి చేతకాలేదన్నది కాదనలేని నిజం. రాత్రివేళ ఒంటరిగా వచ్చే విమానాన్ని గాలిలో పట్టుకోవాలంటే దాని ఉనికిని దూరం నుంచే పసిగట్టే రాడార్ కేంద్రాలు భూమి మీద ఉండాలి, చీకట్లో వెతికి పట్టే పరికరాలు గల యుద్ధ విమానాలు ఉండాలి. విభజనతో విమానాలు, సిబ్బంది పాకిస్తాన్‌తో పంచుకుని, కశ్మీరులో అప్పటికే యుద్ధం చేస్తున్న వైమానిక దళానికి దక్కన్ పీఠభూమి మీద ఆ రెండూ లేవు. ఉన్న టెంపెస్ట్ విమానాలు పగటి యుద్ధానికి తయారైనవి. అందువల్ల ఢిల్లీ చేయగలిగింది దౌత్యమార్గంలో నిరసన తెలపడం. కరాచీకీ లండన్‌కూ ఆ నిరసనలు వెళ్ళాయి.

చట్టపరంగా చూస్తే ఇందులో సందేహానికి తావు లేదు. 1944లో షికాగోలో కుదిరి 1947 ఏప్రిల్‌లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం మొదటి అధికరణమే ప్రతి రాజ్యానికీ తన భూభాగం మీది గగనతలంపై సంపూర్ణాధికారం ఉందని చెబుతుంది. 35వ అధికరణం ప్రకారం యుద్ధ సామగ్రిని మోసే విమానం ఏ దేశం మీదుగానైనా ఎగరాలంటే ఆ దేశపు అనుమతి ఉండాలి. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమా కాదా అన్న వాదం ఒకవైపు ఉండనివ్వండి, ఆ విమానాలు అక్కడికి చేరడానికి దాటిన నేల మాత్రం నిస్సందేహంగా భారతదేశానిదే. ఆ విమానాలు బ్రిటన్‌లో నమోదైనవి కావడంతో లండన్ ప్రభుత్వం ఇరుకున పడింది. కామన్వెల్త్‌లోని రెండు కొత్త దేశాల మధ్య తటస్థంగా ఉంటామని చెబుతూనే, తన పౌరుల విమానాలు ఒక దేశపు గగనతలాన్ని అతిక్రమిస్తుంటే చూస్తూ ఊరుకోలేని స్థితి అది. చివరకు విమానయాన చట్టం కింద కాటన్ మీద బ్రిటన్‌లో కేసు నడిచింది. ఆయనకు పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా. ఒక సంస్థానపు భవితవ్యంతో చెలగాటమాడిన పనికి ఒక న్యాయస్థానం కట్టిన ఆ వెల చిన్నదే. 1969లో ఆయన చనిపోయాడు. ఆ ఏడాదే రాల్ఫ్ బార్కర్ రాసిన ఆయన జీవితకథ వెలువడింది.

సైనికంగా ఈ విమానాలు సాధించింది అత్యల్పం. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి కదిలింది; విజయవాడ వైపు నుంచి మరో దళం, బళ్ళారి జిల్లా హోస్పేట వైపు నుంచి మైసూరు దళాలు, అంటే నాటి దత్తమండలాల గడప నుంచే, ముందుకు సాగాయి. టెంపెస్ట్ విమానాలు తొలి గంటల్లోనే బీదరు, వరంగల్లు విమానాశ్రయాల మీద దాడి చేశాయి. వాటిని అడ్డుకోవడానికి హైదరాబాద్‌కు ఒక్క యుద్ధ విమానమూ లేదు. షెర్మన్ ట్యాంకుల ముందు గాలిలో వచ్చిన తుపాకులు నిలవలేదు, నిలుస్తాయని సైనిక విద్య తెలిసినవారెవరూ నమ్మి ఉండరు. తుపాకీ ఒక్కటే సైన్యం కాదు. దాన్ని వాడే శిక్షణ, మోసే వాహనాలు, కాపాడే విమానాలు, అన్నిటికీ మించి పోరాడాలన్న ప్రజల సమ్మతి కావాలి. అయిదు రోజులు నిండకుండానే, 17వ తేదీ సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు.

అయితే ఈ దళాన్ని సైనిక ఫలితంతో మాత్రమే కొలిస్తే దాని అసలు నష్టం కనిపించదు. 1948 జూన్‌లో, గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్ దేశం విడిచి వెళ్ళడానికి కొద్ది రోజుల ముందు, ఒక రాజీ ముసాయిదా సిద్ధమైంది. భారత్‌లో చేరే విషయం ప్రజాభిప్రాయ సేకరణకు వదలడం, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వాన్ని ఏర్పరచడం, రజాకార్లను రద్దుచేయడం, సంస్థాన సైన్యానికి పరిమితి విధించడం అందులోని ముఖ్యాంశాలు. నెహ్రూ, పటేల్ ఇద్దరూ ఒప్పుకున్న ముసాయిదా అది. నిజాం దాన్ని తిరస్కరించాడు. ఆ తిరస్కారానికి కారణాలు అనేకం. ఆసఫ్‌జాహీ వంశపు ప్రతిష్ఠ, రజాకార్ల మాతృసంస్థ మజ్లిస్ ఒత్తిడి, ఐక్యరాజ్యసమితి మీద పెట్టుకున్న ఆశ అందులో ఉన్నాయి. కానీ సరిగ్గా అదే కాలంలో ఆకాశం నుంచి ఆయుధాలు దిగుతుండడం, సరిహద్దు దిగ్బంధాన్ని ఛేదించగలమన్న ధైర్యం, కరాచీ నుంచి సహాయం వస్తుందన్న నమ్మకం కలిసి హైదరాబాద్ పాలకుల కళ్ళకు వాస్తవాన్ని మరుగుపరిచాయన్నది ఈ వ్యాసపు వాదన. యుద్ధాన్ని గెలవడానికి చాలనంత తక్కువగా, రాజీకి ఒప్పుకోకుండా ఉండడానికి సరిపడేంత ఎక్కువగా ఉన్న సహాయం అది. సహాయాల్లో అంతకంటే ప్రమాదకరమైనది లేదు.

ఆ మూడు నెలల జాప్యానికి మూల్యం చెల్లించినవారు విమానాలు నడిపినవారు కాదు, వారిని పిలిపించినవారూ కాదు. ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్ నడివీధిలో హత్య చేశారు. రజాకార్ల హింసను, స్వతంత్ర రాజ్య వాదాన్ని కలం పట్టి ఎదిరించిన ముస్లిం యువకుడాయన. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సైనికులు కలిసి గ్రామస్థులను వరుసలో నిలబెట్టి కాల్చిచంపారు. సెప్టెంబర్ తరువాత ప్రతీకారం మరోవైపు తిరిగింది. మరాఠ్వాడా, బీదరు, గుల్బర్గా ప్రాంతాల్లో నిరపరాధులైన ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల ముందుకు రాలేదు. బైరాన్‌పల్లిని తలచుకునేవారు బీదరు గ్రామాలను, బీదరును తలచుకునేవారు బైరాన్‌పల్లిని మరచిపోవడం న్యాయం కాదు. జూన్‌లో రాజీ కుదిరి ఉంటే వీరిలో ఎందరు బతికేవారో లెక్క కట్టలేం గాని, చాలామంది బతికేవారని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

అదే కాలంలో ప్రపంచంలో ఇలాంటి దళాలు మరికొన్ని పనిచేశాయి, వాటితో పోలిస్తే హైదరాబాద్ వైఫల్యం కారణాలు మరింత తేటపడతాయి. 1941లో చైనా ప్రభుత్వం కోసం క్లెయిర్ షెనాల్ట్ నాయకత్వంలో బర్మాకు చేరిన అమెరికన్ స్వచ్ఛంద దళం, ఫ్లయింగ్ టైగర్స్ అని పేరుపడినది, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమోదంతో ఏర్పడింది. దాని పైలట్లు సైన్యానికి రాజీనామా చేసి ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగులుగా వెళ్ళారు. కూల్చిన ప్రతి జపాన్ విమానానికి 500 డాలర్లు అదనంగా పొందారు. 1948లోనే చెకొస్లొవేకియా నుంచి ఇజ్రాయెల్‌కు ఆయుధాలను, విడదీసిన యుద్ధ విమానాలను మోసినవారిలోనూ, వాటిని అక్కడ నడిపినవారిలోనూ అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికా, కెనడా దేశాల మాజీ వైమానికులు ఉన్నారు. చైనా వెనుక ఒక జాతి మొత్తం పోరాటం ఉంది, ఒక మహాశక్తి అండ ఉంది. ఇజ్రాయెల్‌కు సముద్ర తీరం ఉంది, పోరుకు సిద్ధమైన జనం ఉన్నారు. ఆ రెండు చోట్లా విదేశీ పైలట్లు అప్పటికే ఉన్న బలానికి తోడయ్యారు. హైదరాబాద్‌లో వారు లేని బలానికి బదులుగా వచ్చారు. కోటీ అరవై లక్షలకు పైగా ఉన్న జనాభాలో అత్యధికులు తమ పాలకుడి స్వాతంత్ర్యాన్ని తమ స్వాతంత్ర్యంగా భావించని చోట, ఎన్ని విమానాలు దిగినా ఫలితం మారేది కాదు.

భారతదేశం ఇలాంటి మార్గాలకు ఎన్నడూ దూరంగానే ఉందనుకోవడం కూడా చరిత్రకు విరుద్ధం. 1947 జూలైలో ఇండోనేషియా స్వాతంత్ర్య యోధుల కోసం మందులు తీసుకువెళుతూ జోగ్‌జకార్తా దగ్గర డచ్చివారు కూల్చివేసిన డకోటా విమానం బిజూ పట్నాయక్‌కు చెందినది. దాన్ని నడిపిన పైలట్ నోయెల్ కాన్‌స్టంటైన్ కూడా కాటన్ లాగే ఆస్ట్రేలియా దేశస్థుడు. ఆ విమానంలో ఉన్నవి మందులు, కాటన్ విమానాల్లో ఉన్నవి ఆయుధాలు. ఆ భేదం చిన్నది కాదు. 1964లో ఒడిశాలోని చర్బాటియా నుంచి అమెరికా యు-2 నిఘా విమానం చైనా సరిహద్దుల మీద ఎగిరింది. దాన్ని నడిపింది అమెరికన్లే. 2013లో అమెరికా ప్రభుత్వం బయటపెట్టిన పత్రాల వల్లనే ఈ సంగతి అధికారికంగా ధ్రువపడింది. నిజాంను నిందించేటప్పుడు వాడే కొలమానాన్నే మన ప్రభుత్వాలకూ వర్తింపజేయడం పాఠకుడి బాధ్యత: ప్రజలకు తెలియకుండా, ప్రజా ప్రతినిధులకు జవాబు చెప్పకుండా నడిచే యుద్ధాన్ని ఏ జెండా కింద జరిగినా ప్రశ్నించవలసిందే.

కాటన్ విమానాల ప్రస్తావన డెబ్భై ఏళ్ళ తరువాత లండన్ న్యాయస్థానంలో మళ్ళీ వినిపించింది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పతనమవుతున్న రోజుల్లో, సంస్థానపు ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశం మీద, లండన్ బ్యాంకులోని నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరిట మారింది. తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం వెంటనే అభ్యంతరం చెప్పాడు. పరాయి సార్వభౌమ రాజ్యాన్ని దాని సమ్మతి లేకుండా దేశీయ కోర్టులో ప్రతివాదిగా నిలబెట్టకూడదన్న సూత్రం ఆధారంగా 1957లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ ఆ దావాను నిలిపివేసింది. సొమ్ము బ్యాంకులోనే పెరుగుతూ ఉండిపోయింది. 2013లో పాకిస్తాన్ తానుగా కోర్టుకు వచ్చి, ఆ సొమ్ము ఆయుధాల సరఫరాకు ప్రతిఫలమన్న వాదనను ముందుకు తెచ్చింది. అంటే 1948లో దాచిపెట్టిన పాత్రను 2013లో హక్కుగా చూపవలసి వచ్చింది. 2019 అక్టోబర్ 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పునిస్తూ, ఆయుధాల రవాణాకు సంబంధించిన ఆధారాలను పరిశీలించి, ఆ సొమ్ము వాటికి చెల్లింపు అన్న వాదనను తోసిపుచ్చి, మూడున్నర కోట్ల పౌండ్ల నిధి నిజాం వారసులకూ భారతదేశానికీ చెందుతుందని తేల్చాడు. రహస్యం కోసం నడిపిన విమానాలు చివరకు బహిరంగ న్యాయస్థానపు రికార్డుల్లో స్థిరపడ్డాయి.

ఆ విమానాలు దిగిన చోట్లు నేటికీ ఉన్నాయి. బీదరు భారత వైమానిక దళపు శిక్షణ కేంద్రం అయింది. సూర్యకిరణ్ విన్యాస దళానికి అదే స్థావరం. వరంగల్లు సమీపంలోని మామునూరు విమానాశ్రయం దశాబ్దాలుగా మూతబడి ఉండగా, దాని పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వం 2025లో ఆమోదం తెలిపింది. లాయక్ అలీ, ఎల్ ఎద్రూస్, మున్షీ, భారత సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్, కాటన్ అందరూ ఇంగ్లీషులో తమ తమ వాదనలు గ్రంథస్థం చేశారు. ఆ రాత్రుల్లో విమానాశ్రయాల చుట్టుపక్కల ఊళ్ళలో ఏం జరిగిందో, పెట్టెలు మోసినదెవరో, ఆ ఆయుధాలు ఏ ఊరికి చేరి ఎవరి మీద పేలాయో తెలుగులో సమగ్రంగా రాయవలసే ఉంది. అప్పటికి పదేళ్ళు నిండినవారికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్న నిజాం కాలపు ఉర్దూ దస్త్రాలను తెలుగులోకి తెచ్చే పనిని, మామునూరు, బీదరు ప్రాంతాల వృద్ధుల జ్ఞాపకాలను నమోదుచేసే పనిని రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఇక ఆలస్యం చేయకుండా చేపట్టాలి. మామునూరులో కొత్త టెర్మినల్ కట్టేవారు 1948 నాటి ఈ చరిత్రను తెలుగులో, ఉర్దూలో రాసిన ఒక ఫలకాన్ని అక్కడ నిలపాలి.